పంక్తి చివరి అక్షరం

తెలుగు ఉపన్యాసకులు కంప్యూటరును గూర్చి వ్యాసం వ్రాయుట ఏమిటని మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. సంపాదకవర్గంవారు మమ్ములను కోరినదీ ఇది కాదు. ప్రబంధాలలోని ఋతువర్ణనలను గూర్చి నాలుగు పుటలు వ్రాసి ఇమ్మన్నారు. ఇచ్చెదమనియే అనుకొన్నాము. కాని గత విద్యాసంవత్సరంలో మా శాఖలో ఒక సంగతి జరిగినది. అందులో తప్పు మాది. ఆ తప్పు తరగతి గదిలో నలువదిమంది ఎదుట జరిగినది. ఆ నలువదిమందీ ఈ సంచికను చదువుదురు. కనుక ఋతువర్ణనలను వచ్చే ఏటికి వాయిదా వేసి, ఈ సంగతినే వ్రాస్తున్నాము.

మా కళాశాలలో ఉర్దూ శాఖ, తెలుగు శాఖ ఒకే వరండాకు ఇరుకొసల ఉన్నవి. నడుమ మంచినీళ్ల కుండ. ఆ కుండ దగ్గర ఇరు శాఖలవారమూ కలుసుకొన్నప్పుడు పుట్టిన ఆలోచన ఇది: తెలుగువాడు ఉర్దూ అని తెలియకుండానే రోజంతా పలికే మాటలను విద్యార్థులచేత సేకరింపజేయుట. కాగితం, కలం, సిరా, దుకాణం, బజారు, జవాబు, ఫిర్యాదు, తాకీదు, వకాల్తా, జమానతు, రద్దు. ఈ మాటలు లేకుండా మన పల్లెలలో ఒక పూట గడవదు. ఈ పని క్రొత్తదేమీ కాదు. సి.పి. బ్రౌను దొర తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు వేరుగా మిశ్రభాషా నిఘంటువును 1854లోనే అచ్చువేయించినాడు. అయితే ఆయన కచేరీల కాగితాలనుండి ఏరిన మాటలు వేరు. మా పిల్లలు తమ ఇండ్లలో, సంతలలో, బస్సులలో విని తెచ్చిన మాటలు వేరు.

ఆ మాటలన్నీ ఒక ఫైలులో వ్రాసినాము. పంక్తికి ఒక పదం. ముందు తెలుగు రూపం, తరువాత మూలభాష, మూలరూపం, అర్థం, ఒక ప్రయోగం. గత సంవత్సరం డిసెంబరు నాటికి ఆ ఫైలులో 1,146 పంక్తులు చేరినవి.

ఇంతమంది ఒకే ఫైలును ముట్టుకొన్నచో ఎవరు ఏది దిద్దినారో తెలియకపోవును గదా అని మేము దిగులుపడగా, కంప్యూటరు శాఖలోని మేడమ్ గారు గిట్ అను సాధనమును మాకు పరిచయం చేసినారు. లినస్ టోర్వాల్డ్స్ అనునతడు లినక్స్ రచన కొరకు 2005లో దీనిని నిర్మించినాడు. ప్రపంచంలోని ప్రోగ్రాము రచయితలు అధికసంఖ్యలో నేడు దీనినే వాడుచున్నారట. ఆమె వివరిస్తూ ఉంటే మాకు ఎం.ఏ.లో చదివిన పాఠపరిష్కరణశాస్త్రం జ్ఞప్తికి వచ్చినది. తాళపత్రప్రతులను ప్రక్కప్రక్కన పెట్టుకొని, ఈ ప్రతిలో ఇట్లున్నది, ఆ ప్రతిలో అట్లున్నది అని పండితులు పాఠభేదాల పట్టిక వేసేవారు. బ్రౌను దొర కడపలో జీతాలిచ్చి పండితులచేత చేయించిన పని అదియే. గిట్ ఆ పట్టికను తానే వేయును. ప్రతి మార్పునకు ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్న మూడు ముక్కలు చేర్చి భద్రపరచును. అట్లు భద్రపరచుటకు కమిట్ అని పేరు. మాకది వెంటనే నచ్చినది. నచ్చుటయే ఇబ్బంది తెచ్చినదేమో కూడా. యంత్రము చెప్పినది గదా అని, మనిషి చెప్పినది వినకుండా పోయినాము.

గిట్‌లో ఒక ఆజ్ఞ కలదు. దాని పేరు బ్లేమ్, అనగా నింద. ఒక ఫైలును ఇచ్చి ఆ ఆజ్ఞ వేసినచో, ప్రతి పంక్తి ముందు దానిని కడపట మార్చినవాని పేరును చూపును. పేరు పెట్టినవారు హాస్యానికి పెట్టినారో, అనుభవముతో పెట్టినారో గాని, మేము మాత్రం దానిని మంచి పనికే వాడుకొన్నాము. ఎవరు ఎన్ని పదాలు తెచ్చినారో ఆ పట్టికనుండియే లెక్కించి, సంవత్సరాంతమున యోగ్యతాపత్రాలు ఇయ్యవలెనని నిశ్చయించినాము. ఆ మాట తరగతిలో ప్రకటించినాము కూడా. పిల్లలు అప్పుడప్పుడు ప్రయోగశాలకు పోయి తమ పేరిట ఎన్ని పంక్తులున్నవో చూచుకొని మురిసిపోయేవారు.

జనవరిలో ఒక సోమవారం ఇద్దరు విద్యార్థినులు మా గదికి వచ్చినారు. "సార్, మా పేర్లు పోయినాయి సార్" అన్నది ఒకతె. పోయి చూచినాము. 1,146 పంక్తుల ముందూ ఒకే పేరు ఉన్నది. రెండవ సంవత్సరం బి.ఏ. చదువుచున్న ఒక కుర్రవానిది. ముందటి శనివారం అతడు చేసిన కమిట్ ఒకటి కనిపించినది. దాని సారాంశము: తొలగించిన పంక్తులు 1,146, చేర్చిన పంక్తులు 1,146.

ఆ కుర్రవాడు నెమ్మదస్థుడు. సాయంకాలములు ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేసి చదువుకొనుచున్నాడని తెలుసు. అదియే మా మనస్సులో చెడు ఆలోచనకు ఎరువైనదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాము. యోగ్యతాపత్రం ఉన్నచో ఉద్యోగానికి అక్కరకు వచ్చునని ఆశపడినాడు కాబోలు అనుకొన్నాము. తరగతిలో అతనిని నిలువబెట్టి అడిగినాము.

"నలువదిమంది కష్టాన్ని నీ పేరిట వ్రాసికొన్నావా?"

"లేదు సార్. నేను మూడు మాటలే దిద్దినాను."

"మూడు దిద్దితే 1,146 ఎట్లు మారినవి?"

"తెలియదు సార్. మూడే సార్."

మేము నమ్మలేదు. పదసేకరణ సంఘమునుండి అతని పేరు తొలగిస్తున్నామని అందరి ఎదుటనే చెప్పినాము. అతడు కూర్చున్నాడు. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

గురువారం సాయంకాలం మేడమ్ గారితో మాటల సందర్భమున ఈ సంగతి చెప్పినాము. చెప్పునప్పుడు మా కంఠంలో కొంత ధర్మాగ్రహం కూడా ఉండియుండవచ్చును. ఆమె సంఖ్యలు విని, "రెండూ సమానంగా ఉన్నాయా సార్? తీసినవి ఎన్నో చేర్చినవీ అన్నేనా?" అని అడిగినారు. అవునన్నాము. ఆమె మరి మాటాడక కుర్చీ లాగుకొని కూర్చుండి, పాత ప్రతికి, క్రొత్త ప్రతికి భేదము చూపు డిఫ్ అను ఆజ్ఞను మరల వేసినారు. అయితే ఈసారి, పంక్తి చివరనున్న సి.ఆర్. అను గుర్తును లెక్కింపవద్దని ఒక విశేషణము దానికి తగిలించినారు.

తెరపై 1,146 పంక్తులు పోయి మూడు మిగిలినవి.

ఆ మూడు పంక్తులను చదివినాము. మొదటిది దస్తావేజు. దాని మూలభాష అరబ్బీ అని మేమే వ్రాసియుంటిమి. కుర్రవాడు దానిని పారసీకమని దిద్దినాడు. దస్త్ అనగా పారసీకంలో చేయి. రెండవది మరమ్మతు. దీనికి మేము పారసీకమని వ్రాయగా అతడు అరబ్బీ అని దిద్దినాడు. మూడవది వకాల్తా. దానికి ప్రయోగము లేకపోగా ఒక వాక్యము చేర్చినాడు. మూడు దిద్దుబాట్లూ సరియైనవే. అందులో రెండు మా తప్పులు.

మరి తక్కిన 1,143 పంక్తులలో మారినది ఏమి? కంటికి కనిపించునది ఏదీ మారలేదు. ప్రతి పంక్తి చివర కనిపించని గుర్తు ఒకటి అదనంగా చేరినది. ఆమె ఒక పంక్తిని విప్పి చూపినారు. మన తెలుగు అక్షరములన్నీ యంత్రము భాషలో ఏవేవో గుర్తులైపోయి, వాని చివర ఒక టోపీ గుర్తు, దాని ప్రక్కన ఎం. అదియే సి.ఆర్.

ఈ సి.ఆర్. కథ మాకు చిన్ననాడే తెలియవలసినది. మేము బడే అబ్బా అని పిలుచు మా పెదనాన్నగారికి టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయరు, హయ్యరు పరీక్షలకు పిల్లలు వచ్చేవారు. పంక్తి కొసకు వచ్చునప్పటికి యంత్రము గంట కొట్టును. ఎడమచేతి లీవరును నెట్టినచో రెండు పనులు జరుగును. రోలరు ఒక గడి తిరిగి కాగితం పైకి జరుగును. బండి మొదటికి మళ్లును. మొదటిది లైన్ ఫీడ్, రెండవది కారేజ్ రిటర్న్. చేతికి ఒక్క ఊపులో జరుగును గనుక ఇవి రెండు పనులని మాకు ఎన్నడూ తోచలేదు. పెదనాన్నగారు మాత్రం "సగం నెడితే కాగితం జరుగుతుంది, బండి రాదు. పూర్తిగా నెట్టు" అని కేకలు వేసేవారు.

తరువాత తంతి ద్వారా నడిచే టైపు యంత్రాలు వచ్చినవి. అక్కడ లీవరు నెట్టు చేయి లేదు గనుక రెండు పనులకు రెండు సంకేతాలు ఏర్పడినవి. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో కారేజ్ రిటర్న్ సంఖ్య 13, లైన్ ఫీడ్ సంఖ్య 10. ఆ కాలపు టెలిటైప్ మోడల్ 33 యంత్రము క్షణమునకు పది అక్షరాలు కొట్టెడిది. అచ్చు తల కుడికొసనుండి ఎడమకు వచ్చుటకు ఒక అక్షరానికి పట్టు కాలము చాలదు. అందుచేత ముందు 13ను పంపి, తల దారిలో ఉండగానే 10ని పంపుట పద్ధతియైనది. పిదప బండ్లు పోయినవి, రోలర్లు పోయినవి, సంకేతాలు మిగిలినవి. యూనిక్స్ రచించినవారు రెండెందుకు, ఒక్క 10 చాలునన్నారు. లినక్స్ వారిని అనుసరించినది. సి.పి./ఎం., దాని వెంట ఎం.ఎస్. డాస్, దాని వెంట విండోస్ రెండింటినీ అట్లే ఉంచినవి. ఆపిల్ వారి పాత మాకింటాషులు మూడవ దారి పట్టి 13ను మాత్రమే ఉంచుకొన్నవి. 2001లో క్రొత్త మాక్ ఓ.ఎస్. వచ్చిన పిమ్మట వారును 10కే వచ్చినారు.

ఉర్దూ శాఖలోని మిత్రులొకరు ఇది విని ఒక చక్కని ప్రశ్న వేసినారు. మా పంక్తి ఎడమకొసన ముగియును, మీది కుడికొసన ముగియును, మరి ఆ గుర్తు ఏ కొసన ఉండును అని. ఫైలులో కుడియెడమలు లేవు. పలికిన వరుసలో అక్షరాలు ఒకదాని వెంట ఒకటి ఉండును. గుర్తు అన్నింటికంటె వెనుక ఉండును. కుడినుండి పరచుటయా, ఎడమనుండి పరచుటయా అన్నది తెర చూచుకొను పని. మా ఫైలులో ఒకే పంక్తిలో తెలుగు, ఉర్దూ రెండూ ఉండుటచేత తెరపై మాటలు తారుమారై కనిపించి మేము పడిన అవస్థలు వేరు. అది మరొక వ్యాసము.

కుర్రవాడు చేసినది ఏమనగా, కళాశాలలో లినక్స్ మీద ఉన్న ఫైలును పెన్ డ్రైవులో వేసికొని పోయి, తాను పనిచేయు దుకాణంలో తెరిచినాడు. అక్కడిది విండోస్ 7. అందలి నోట్‌ప్యాడ్‌కు 10 ఒక్కటే ఉన్నచో పంక్తి తెగినట్లు తెలియదు. 2018లో గాని ఆ లోపమును వారు సవరింపలేదు, అదియును విండోస్ 10లో. 1,146 పదాలు ఒకే పంక్తిగా తెరపై పరచుకొనగా బెదిరి, అతడు ఆ యంత్రములోనే ఉన్న మరొక ఎడిటరులో తెరిచినాడు. అక్కడ పంక్తులు సరిగా కనిపించినవి. మూడు దిద్దినాడు. భద్రపరచినాడు. ఆ ఎడిటరు తన అలవాటు చొప్పున అన్ని పంక్తులకూ 13ను చేర్చినది. శనివారం దానిని తెచ్చి కళాశాల యంత్రములో తన పేరిట కమిట్ చేసినాడు. గిట్‌కు 13 కూడా ఒక అక్షరమే. అక్షరము చేరినచో పంక్తి మారినట్లే. పంక్తి మారినచో బ్లేమ్ పట్టికలో మార్చినవాని పేరు. యంత్రము అబద్ధం చెప్పలేదు. అది చెప్పినదానికి మేము చెప్పుకొన్న అర్థము తప్పు.

ఆ రాత్రియే దుకాణానికి పోయినాము. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుటి సందులో ఉన్నది. కుర్రవాడు ఎవరిదో ఆధారు కార్డు జిరాక్స్ తీయుచున్నాడు. దుకాణం ముందరి బల్ల మీద ఒక వృద్ధుడు కూర్చుండియున్నారు. అతని తాతగారట. పాతికేండ్లకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేసినవారు. మమ్ములను చూచి లేచి నిలుచుండబోగా వారించినాము. మనుమని తరగతి మాష్టరు అనగానే ఆయన ముఖము మారినది. జరిగినది ఆయనకు తెలియును.

"నీవు చెప్పినది నిజం. మూడే దిద్దినావు. మేము పొరబడినాము" అన్నాము.

కుర్రవాడు యంత్రము మూత మూసి, "చెప్పినాను కద సార్" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. మాకు ఆ మాట చాలా దినములు వినిపించినది.

తాతగారు మాత్రం మాటాడినారు. దస్తావేజును దిద్దమన్నది తానేనట. "దస్తకతులో ఉన్న దస్తే సార్ దస్తావేజులో ఉన్నది. చేతిలో పట్టుకొని పోయి చూపించేది. అరబ్బీ ఎట్లయితది?" అన్నారు. ఆయన చదివినది ఏడవ తరగతి. మేము తలవంచుకొని విన్నాము. ఛాయ తెప్పించినారు, త్రాగినాము.

మరునాడు తరగతిలో, నిలువబెట్టిన చోటనే, మేము నిలుచుండి క్షమాపణ చెప్పుకొన్నాము. కుర్రవాడు ఆనాడు రాలేదు. సోమవారం వచ్చినాడు. తరగతికి వచ్చినాడు గాని సంఘములోనికి రాలేదు. రమ్మని రెండుమార్లు అడిగి, మూడవమారు అడుగుట బలవంతమగునని ఊరకున్నాము.

ఇక పేర్లను మరల నిలుపవలెను. జరిగిన కమిట్‌ను చరిత్రనుండియే తుడిచివేయవచ్చునా అని అడిగినాము. అందరూ తమ యంత్రాలకు దించుకొన్న తరువాత చరిత్రను మార్చినచో రెట్టింపు చిక్కులని మేడమ్ గారు వలదన్నారు. రివర్ట్ అను ఆజ్ఞతో ఫైలును పూర్వపు స్థితికి తెచ్చినాము. అప్పుడొక వినోదము జరిగినది. రివర్ట్ కూడా కమిటే గనుక, అది 1,146 పంక్తులనూ మరల మార్చినది గనుక, బ్లేమ్ పట్టికలో ఆ పూటకు అన్ని పదాలకూ మేమే కర్తలమైనాము. కుర్రవానిని ఏ సాక్ష్యంతో దొంగ అన్నామో ఆ సాక్ష్యం ఇప్పుడు మా మీదనే ఉన్నది. పిల్లలు చూచి నవ్వినారు. నవ్వనిచ్చినాము.

దీనికి మార్గము కలదు. ఫలానా కమిట్‌లను లెక్కింపవద్దని వాని నలువది అక్షరాల గుర్తులను ఒక ఫైలులో వ్రాసియిచ్చినచో, బ్లేమ్ వానిని దాటి వెనుకకు పోయి పాతవారి పేర్లు చూపును. 2019 నుండి గిట్‌లో ఈ సౌకర్యమున్నది. మేము ఉత్సాహముతో కుర్రవాని కమిట్‌ను, మా రివర్ట్‌ను ఆ ఫైలులో వ్రాసినాము. నలువదిమంది పేర్లూ తిరిగి వచ్చినవి. అయితే ఆ మూడు దిద్దుబాట్లు పోయినవి. రివర్ట్‌తో దస్తావేజు మరల అరబ్బీ అయినది, ఆ పంక్తి మా పేరిట ఉన్నది. దీనిని మేము దిద్దరాదు. మేము దిద్దినచో అతని పని మా పేరిట చేరును. కనుక కుర్రవానిని ప్రయోగశాలకు పిలిచి, మేడమ్ గారు ప్రక్కన ఉండగా, అతనిచేతనే మరల ఆ మూడు పంక్తులు దిద్దించినాము. సారాంశము: తొలగించినవి 3, చేర్చినవి 3. అతడు ఆ సంఖ్యలను కొంతసేపు చూచి, ఫోనులో ఫోటో తీసికొని పోయినాడు.

ఇటువంటిది మరల జరుగరాదని, పంక్తి ముగింపులను కమిట్‌కు ముందే పరీక్షించు చిన్న స్క్రిప్టు వ్రాయ నిశ్చయించినాము. మేడమ్ గారు తాము వ్రాసి ఇచ్చెదమన్నారు. తప్పు చేసినది మేము గనుక మేమే నేర్చుకొందుమన్నాము. పది పంక్తుల స్క్రిప్టునకు మాకు మూడు వారాలు పట్టినది. ఛందస్సు నేర్చునప్పుడు కూడా ఇంత కష్టపడలేదు.

పద్ధతి తేలికయే. ఎల్.ఎస్. ఫైల్స్ అను ఆజ్ఞకు ఇ.ఓ.ఎల్. అన్న విశేషణము తగిలించినచో, భాండారంలోని ప్రతి ఫైలునకు ముగింపు ఏ జాతిదో గిట్ చెప్పును. 2016 నుండి ఉన్న వసతి ఇది. ఎల్.ఎఫ్. అనగా 10 మాత్రమే. సి.ఆర్.ఎల్.ఎఫ్. అనగా రెండూ. మిక్స్‌డ్ అనగా కొన్నిట ఇది, కొన్నిట అది. స్క్రిప్టు ఆ జాబితాను చదివి, రెండవ మూడవ జాతులవి కనిపించినచో ఫైలు పేరు చెప్పి, సున్న కాని సంఖ్యతో ముగియవలెను. ప్రీ-కమిట్ అను పేరుతో దానిని హుక్స్ అను సంచిలో ఉంచినచో గిట్ ప్రతి కమిట్‌కు ముందు దానిని నడిపి, సున్న రానిచో కమిట్‌ను ఆపివేయును.

మొదట వ్రాసినది నడువనే లేదు. ఇంటిలో మా లాప్‌టాపు మీద, విండోస్‌లో, వ్రాసి తెచ్చినాము. కళాశాల యంత్రము దానిని చూచి, ఈ స్క్రిప్టును చదువు వ్యాఖ్యాత దొరకలేదు అన్న భావము గల సందేశమిచ్చినది. గంటసేపు తలగోకికొన్నాము. మొదటి పంక్తిలో వ్యాఖ్యాత పేరు ఉండును. ఆ పేరు చివర 13 అంటుకొన్నది. ఎస్.హెచ్. అన్న వ్యాఖ్యాత ఉన్నాడు గాని, తోకతో కూడిన ఎస్.హెచ్. ఎవ్వడూ లేడు. ముగింపులను తనిఖీ చేయవలసిన స్క్రిప్టునకే ముగింపు చెడినది.

రెండవ లోపము పెద్దది. గిట్ ఇచ్చు జాబితాలో ముగింపు జాతిని చెప్పు నిలువు వరుసలు రెండుండును. ఐ అన్న అక్షరముతో మొదలగునది భాండారములోనికి పోవు ప్రతిని చెప్పును. డబ్ల్యుతో మొదలగునది ఆ మనిషి యంత్రములో పనిచేయుచున్న ప్రతిని చెప్పును. విండోసులో గిట్‌ను ఆటోసి.ఆర్.ఎల్.ఎఫ్. అను అమరికతో ఉంచుకొన్నచో, యంత్రములో రెండు గుర్తులున్నను భాండారములోనికి ఒక్కటే పోవును. అందులో దోషము లేదు. మేము తెలియక డబ్ల్యు వరుసను పరీక్షించినాము. మొదటి సంవత్సరపు అమ్మాయి ఒకతె సక్రమముగా చేసిన కమిట్‌ను మా స్క్రిప్టు మూడుమార్లు త్రిప్పికొట్టినది. ఆమె కన్నీళ్లతో వచ్చినది. "నేనేం తప్పు చేసినాను సార్?" అన్నది. తప్పు ఏమీ చేయలేదు. ఆమె ఇంటిలో ఏమున్నదో చూచి నేరము మోపినాము గాని, ఆమె ఇచ్చినదేమో చూడలేదు. అదే అలవాటు స్క్రిప్టులోనికి కూడా ఎక్కినది. ఒక్క అక్షరము మార్చినాము, డబ్ల్యు తీసి ఐ.

మూడవది తెలుగువారికి మాత్రమే ముచ్చటగొలుపునది. ఒక పెద్దమనిషి పంపిన ఫైలును గిట్ అసలు వచనమే కాదన్నది. అది యు.టి.ఎఫ్. 16 పద్ధతిలో ఉన్నది. ఆ పద్ధతిలో మన ఒక్కొక్క అక్షరానికి రెండు బైట్లు. గిట్‌ను ప్రక్కనబెట్టి మేమే బైట్లను లెక్కించి చూతమని, 10 ఎన్ని ఉన్నవో చూడగా, ఉన్న పంక్తులకంటె ఎక్కువ వచ్చినవి. వెదకగా తేలినదేమనగా, యూనికోడ్‌లో మన ఊ అను అచ్చు సంఖ్య పదహారు మూలముగా గల లెక్కలో 0సి0ఏ. అందలి 0ఏ అనగా 10. ఊరు, ఊయల, ఊపిరి అన్న ప్రతిచోట మా లెక్కకు ఒక పంక్తి తెగినది. మలయాళమువారి గతి ఇంతకన్న కష్టము. వారి అక్షరములన్నీ 0డితో మొదలగును, అది 13. పంజాబీ వ్రాయు గురుముఖివారివి అన్నీ 0ఏతోనే. యు.టి.ఎఫ్. 8లో ఈ బాధ లేదు. అందు మన అక్షరముల బైట్లు అన్నీ 127కి పైనుండును గనుక 10, 13లతో తగవు రాదు. ఇప్పుడు స్క్రిప్టు, వచనపు ఫైలని పేరుండి వచనము కాదని గిట్ చెప్పినవానిని కూడా ఆపి, యు.టి.ఎఫ్. 8లో భద్రపరచి తెమ్మని తెలుగులో చెప్పును.

హుక్స్ సంచి ప్రతివారి యంత్రములోనికి తానై పోదు. భాండారమును దించుకొన్నప్పుడు అది వెంట రాదు. తెలిసినవాడు నో-వెరిఫై అని వ్రాసి దానిని తప్పించుకొనవచ్చును. అందుకని ప్రయోగశాల యంత్రములో రాత్రి తొమ్మిదికి ఒకమారు అదే తనిఖీ నడుచునట్లు ఏర్పాటు చేసినాము. గిట్ ఆట్రిబ్యూట్స్ అను ఫైలులో, టి.ఎక్స్.టి. ఫైళ్లు, స్క్రిప్టులు అన్నీ 10తోనే ఉండవలెనని రెండు పంక్తులు వ్రాసినాము. ఇది భాండారముతో పాటు అందరికీ పోవును. దీనితో ముగింపులు తామే సరియగును గదా, ఇక తనిఖీ ఎందుకని ఒక విద్యార్థి అడిగినాడు. సరియైన ప్రశ్న. రెండు వారాలకు ఎవరో సి.ఎస్.వి. అను క్రొత్తరకపు ఫైలును చేర్చినారు. నియమములో దాని పేరు లేదు. తనిఖీ పట్టుకొన్నది.

స్క్రిప్టు చెప్పు సందేశమును గూర్చి చాలసేపు ఆలోచించినాము. మొదట "దోషము: కమిట్ తిరస్కరింపబడినది" అని వ్రాసియుంటిమి. తరువాత దానిని మార్చి, "ఈ ఫైలులో పంక్తి ముగింపులు వేరుగా ఉన్నవి. మీ వ్రాత మారలేదు. దిగువ చెప్పినట్లు చేసి మరల పంపుడు" అని వ్రాసినాము. ఆ రెండవ వాక్యమును సూచించినవాడు జిరాక్స్ దుకాణపు కుర్రవాడే. మార్చి నెలలో ఒకనాడు ప్రయోగశాలలో మా వెనుకనుండి తెరను చూచి, "అది కూడా వ్రాయండి సార్, భయపడతారు" అన్నాడు. వ్రాసినాము. ఆ పంక్తిని అతనిచేతనే కమిట్ చేయించినాము.

ఈ వార్షిక సంచికకు వచ్చిన రచనలను కూడా ఈసారి ఆ భాండారంలోనే చేర్చినాము. తెలుగు విభాగానికి 19 ఫైళ్లు వచ్చినవి. అందులో 7 విండోస్ ముగింపులవి, 2 మిశ్రమములు, 1 యు.టి.ఎఫ్. 16. ఎవ్వరినీ పిలువలేదు, ఎవ్వరినీ ఏమీ అడుగలేదు. సరిచేసి, వారివారి పేర్లతోనే చేర్చి, అచ్చుకు పంపినాము.